అరకులో మంగళవారం

ప్రశ్న: మాది విశాఖపట్నంలో మర్రిపాలెం. కిందటి జూన్‌లో మా వారికి అరకులోయకు బదిలీ కావడంతో, అయిదో తరగతి చదివే మా అబ్బాయితో సహా ముగ్గురమూ ఇక్కడి క్వార్టర్సుకు వచ్చాము. మూడేళ్లు ఉండవలసి వస్తుందంటున్నారు. వానాకాలమంతా మనిషి ముఖం చూడక దిగులుపడ్డాను. దసరా నుంచి సంక్రాంతి దాకా శని, ఆదివారాలు ఇంటినిండా చుట్టాలే. మా ఆడపడుచు కుటుంబం మూడుసార్లు వచ్చింది. మూడోసారి తమ అపార్టుమెంటు వాళ్లను కూడా వెంట తెచ్చారు. "నీకేమమ్మా, స్వర్గంలో ఉన్నావు" అనేవారే గాని, సోమవారం ఎన్ని దుప్పట్లు ఉతుకుతున్నానో అడిగినవారు లేరు. రావద్దని చెప్పడానికి మా వారికి మొహమాటం. ఇది చాలదన్నట్టు మా బావగారు, ఇక్కడి గిరిజనుడి పేరు మీద కాస్త స్థలం కొని రిసార్టు కడదామని మా వారిని ఊరిస్తున్నారు. అబ్బాయిని తీసుకుని విశాఖ వెళ్లిపోవాలా, ఇక్కడే ఉండాలా? ఇంత అందమైన ఊళ్లో ఉండి కూడా బాధపడటం నా తప్పా?
ఒక సోదరి, అరకులోయ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ తప్పేమీ లేదు. అరకు అందమైనదే, మీ దిగులూ నిజమైనదే. మీ చుట్టాలు శృంగవరపుకోట దాటి ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పుడు తమ వంటింటిని, ఆఫీసును, పిల్లల పరీక్షలను కిందనే వదిలి వస్తారు. వారు చూసి మురిసిపోయే కొండల అందంలో సగం ఆ వదిలి రావడంలోనే ఉంది. మీరు గ్యాస్ పొయ్యితో, పప్పుడబ్బాలతో, అబ్బాయి లెక్కల పుస్తకంతో సహా కొండ ఎక్కారు. వారికి, మీకు కనబడే అరకు ఒకటే ఎలా అవుతుంది?

నేను కూడా ఉద్యోగరీత్యా నాలుగేళ్లు అరకులో కాపురమున్నాను. విశాఖకు తిరిగి వచ్చి చాలాకాలమైంది. ఇప్పుడు మా ఇంటి నుంచి ఆర్కే బీచికి నడిచి వెళ్లవచ్చు, అయినా కార్తిక పౌర్ణమి స్నానం తరువాత ఇంతవరకు నా కాలు ఉప్పునీళ్లలో తడవలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన బంధువులు "మీరు రోజూ సముద్రం చూస్తూ కాఫీ తాగుతారు కాబోలు" అంటే, నాకు కుళాయి వచ్చే వేళ గుర్తుకు వస్తుంది. ఉన్న ఊరిని ఎవరూ రోజూ చూడరు. చూడటం లేదని మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన పని లేదు.

పర్యాటకుల మీద బతికే చిన్న ఊళ్లలో రెండు పంచాంగాలు నడుస్తాయి. ఒకటి వచ్చేవారిది. అది పొలాల్లో పసుపచ్చని వలిసెలు పూతకు రావడంతో మొదలై, కార్తిక వనభోజనాలు, క్రిస్మస్ సెలవులు, జనవరి ఒకటో తేదీ మీదుగా సంక్రాంతికి ముగుస్తుంది. మే నెలలో చల్లదనం కోసం వచ్చేవారితో మరికొన్నాళ్లు సాగుతుంది. ఆ రోజుల్లో గాలికొండ మలుపుల దగ్గర కార్లు బారులు తీరి నిలబడతాయి, ఆటోవారు అడిగిందే ధర, కూరగాయలు మీకు కూడా యాత్రికుల రేటుకే వస్తాయి. మీరేమో వచ్చిన ప్రతి బృందాన్నీ పద్మాపురం తోటకు తీసుకువెళ్లి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించేందుకు 1942లో దానిని వేశారన్న సంగతిని పదోసారి చెబుతూ ఉంటారు. నేనూ చెప్పాను. నాలుగో ఏడు వచ్చేసరికి ఆ తోట తోటమాలి నన్ను గైడు అనుకుని, "ఈరోజు ఎంతమంది అమ్మగారూ?" అని అడిగాడు.

రెండో పంచాంగం ఉండేవారిది. దానిలో జూన్ నుంచి అక్టోబరు దాకా వాన. ఆరేసిన బట్ట మూడో రోజుకు కూడా ఆరక, ముక్కిపోయిన వాసన పట్టి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకోవలసి వస్తుంది. కరెంటు పోతే ఇస్త్రీపెట్టె కూడా లేదు. చెప్పుల మీద, తోలు బెల్టు మీద తెల్లగా బూజు పడుతుంది. కొండచరియ విరిగి కొత్తవలస-కిరండూల్ లైను మీద పడితే రైలు ఆగిపోతుంది. ఆ లైను వేసింది కూడా మనలాంటివారు కిటికీలోంచి లోయలు చూడటానికి కాదు. 1960లలో జపాను సహకారంతో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దింపడానికి వేశారు. ఖనిజం బండ్లకు దారి ఇచ్చి ఏ స్టేషనులోనో ఆగిన ప్రయాణికుల బండిలో నేను గంటల తరబడి కూర్చున్న రోజులున్నాయి. 2017లో వచ్చిన అద్దాల పెట్టె విస్టాడోమ్‌లో కూర్చున్నవారికి ఆ ఆగడం కూడా వినోదంగానే ఉంటుంది. జ్వరంతో ఉన్న పిల్లవాడిని ఒళ్లో పడుకోబెట్టుకున్న తల్లికి ఉండదు.

ఈ సందర్భంలో ఒక ముఖ్యమైన మాట. అరకులో ఏరియా ఆసుపత్రి ఉంది గాని, కొంచెం పెద్ద జబ్బు చేస్తే విశాఖలోని పెద్దాసుపత్రి కె.జి.హెచ్.కు పంపుతారు; రోడ్డు మీద అది సుమారు 115 కిలోమీటర్లు, అందులో చాలా దూరం ఘాట్. కాబట్టి వానాకాలం వచ్చేలోగా ఇంట్లో జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, మీ వారికి నిత్యం వాడే మందులేవైనా ఉంటే నెలకు సరిపడా పెట్టుకోండి. మన్యంలో మలేరియా ఉంది. దోమతెరను చుట్టాలు వచ్చినప్పుడు తీసి పక్కన పడేయకండి, వారు నవ్వినా సరే. రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకువస్తున్నారు. అది తలచుకుంటే అంబులెన్సు గుమ్మం దాకా రాగల క్వార్టర్సులో ఉన్న మన పరిస్థితి ఏమిటో అర్థమవుతుంది. మీ కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనలేదు. మీ పక్క గూడెంలోనే అలా బతికేవారు ఉన్నారని మాత్రం గుర్తుంచుకోమంటున్నాను.

ఇక మీ ఒంటరితనం. వానాకాలంలో మనిషి ముఖం చూడలేదన్నారు. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అందులో ఆడపడుచు, బావగారు, వారి అపార్టుమెంటువారు ఉన్నారు గాని అరకు మనిషి ఒక్కరూ లేరు. బావగారు చెప్పిన "ఇక్కడి గిరిజనుడు" ఒక్కడు ఉన్నాడు, ఆయనకు కూడా పేరు లేదు. మందలించడానికి అనడం లేదు. మొదటి ఏడు నేను రాసిన ఉత్తరాలు కూడా అలాగే ఉండేవి. క్వార్టర్సులోని మన ఇరుగుపొరుగంతా బదిలీ మీద వచ్చినవారే. వారు శుక్రవారం సాయంత్రం సంచి సర్దుకుని కొండ దిగుతారు, సోమవారం వస్తారు, వచ్చే బదిలీ ఎప్పుడన్న మాట తప్ప వారికి వేరే మాట లేదు. అటువంటి చోట స్నేహం కుదురుకోదు.

నాకు దారి చూపింది సంత. మొదట్లో నేను సంతకు జాబితాతో వెళ్లి, గబగబా కొనుక్కుని వచ్చేసేదాన్ని. ఒక రోజు వాన పట్టుకుంటే ఒక ముసలమ్మ తన టార్పాలిను కిందకు రమ్మని చేయి ఊపింది. ఆమె ముందు గోనెపట్టా మీద ఎర్ర రాజ్మా చిన్న కుప్పగా పోసి ఉంది, పక్కన అడ్డాకుల కట్ట ఒకటి, నాలుగు పసుపు కొమ్ములు. సోల నిండా గింజలు పోసి, అంచు దాటిన గింజలను అరచేత్తో తుడవకుండా అలాగే నా సంచిలో వంపి, పైన పిడికెడు కొసరు వేసింది. అంతకుముందు అదే రాజ్మాను రోడ్డు పక్క కొట్టులో కొన్నప్పుడు నాకు కొసరు అన్న మాటే ఎదురుకాలేదు. ఆమె నాతో ఆదివాసీ ఒడియాలో ఏదో అంది, నాకు అర్థం కాలేదు, పక్కనున్న పిల్ల తెలుగులో చెప్పింది: "నువ్వెప్పుడూ పరిగెడతావెందుకు అంటోంది." నాలుగేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగినది ఆమె ఒక్కతే. తరువాత ప్రతి సంతకూ ఆమె దగ్గరే అరగంట కూర్చునేదాన్ని. భాష పది మాటలకు మించి రాలేదు గాని, ఆ పది మాటలతోనే ఏ ఊరి నుంచి నడిచి వస్తుందో, చోళ్లు (రాగులు) ఎప్పుడు కోస్తారో, మనవరాలు ఏ ఆశ్రమ పాఠశాలలో చదువుతోందో తెలిసింది. మీరు కూడా సంతకు జాబితా లేకుండా ఒకసారి వెళ్లి చూడండి. అక్కడివారికి ఏదో నేర్పుదామనో, ఏదో సేవ చేద్దామనో మాత్రం వెళ్లకండి. ఆ ఉత్సాహంతో కొండ ఎక్కినవారిని వారు చాలామందిని చూశారు.

ఇక్కడి గిరిజనుల నాట్యం థింసా సంగతి కూడా అంతే. మీరు బహుశా దానిని రిసార్టు ఆవరణలో, చుట్టాల సెల్‌ఫోన్ల వెలుగులోనే చూసి ఉంటారు. చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. ఆ రోజుల్లో ఆడవారు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి బండ్లు ఆపి, పండుగ ఖర్చుకు డబ్బు అడుగుతారు. విశాఖ నుంచి వచ్చేవారు దారిదోపిడీ అన్నంతగా విసుక్కుంటారు. నేను చిల్లర సిద్ధంగా పెట్టుకుని, ఆగి, మాట్లాడి వెళ్లేదాన్ని. అలా ఒకరు పిలిస్తే గూడేనికి వెళ్లాను. తుడుం, డప్పు, మోరి మోగుతుంటే ఆడవారు ఒకరి నడుము వెనుకగా ఒకరు చేతులు పెనవేసి వరుసకట్టారు. వరుస చివర ఒకావిడ చంటిపిల్లను వీపున కట్టుకుని ఆడుతోంది. పిల్ల నిద్రపోతూనే ఉంది. ఎవరూ మా వైపు చూడలేదు. అది మాకోసం కాదు కాబట్టి.

చుట్టాల విషయంలో నేను కాస్త కఠినంగానే చెబుతాను. మీ ఇల్లు సత్రం కాదు. చుట్టమై వచ్చేవారు వేరు, గది దొరకక వచ్చేవారు వేరు. ఈ రెంటినీ వేరు చేయడానికి నేను కనిపెట్టిన ఉపాయం ఒక్కటే: ఆషాఢంలో రమ్మని పిలవడం. "సీజనులో ఊరంతా రద్దీగా ఉంటుంది వదినా, జూలైలో రండి, జలపాతాలు నిండుగా ఉంటాయి, మనం తీరిగ్గా మాట్లాడుకోవచ్చు" అని మీ ఆడపడుచుకు ఇప్పుడే ఫోను చేసి చెప్పండి. వస్తే సంతోషం, మీకు వానాకాలంలో మనిషి ముఖం కనబడుతుంది. రాకపోతే వారు దేనికోసం వచ్చేవారో మీకే కాదు, మీ వారికి కూడా తెలిసిపోతుంది.

వచ్చే దసరాకు ముందే నెలకు రెండు శనివారాలు మీవిగా కాలెండరులో గీత గీసి పెట్టుకోండి. ఆ రోజుల్లో వస్తామన్నవారికి ఏపీ టూరిజం వారి హరిత, మయూరి హోటళ్లు ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోమనండి. ఒక పూట మీ ఇంట్లో భోజనానికి పిలవండి. భోజనానికి పిలవడం మర్యాద, పదిమందికి పక్కలు వేయడం చాకిరీ. ఈ మాట అత్తవారి వైపువారికి మీ వారే చెప్పాలి. ఆయన మొహమాటానికి మీరు మూల్యం చెల్లించడం మాత్రం ఆగాలి. ఆయన చెప్పలేనంటే, సోమవారం ఉదయం దుప్పట్ల బకెట్టు దగ్గర ఆయననే నిలబెట్టండి. ఒక్క సోమవారం చాలు. నా అనుభవంలో మగవారి మొహమాటం చన్నీళ్లలో చాలా త్వరగా కరుగుతుంది, ముఖ్యంగా డిసెంబరులో.

మీరు పిలిచి వచ్చేవారిని కూడా ఖాళీ చేతులతో రానివ్వకండి. అడగడానికి సిగ్గుపడవద్దు. మా పిన్ని కూతురు వచ్చినప్పుడల్లా ఫిషింగ్ హార్బరు నుంచి ఐసు పెట్టెలో వంజరం ముక్కలు, నాకు రెండు నవలలు, మందుల దుకాణం చీటీ ప్రకారం మందులు తెచ్చేది. తిరిగి వెళ్లేటప్పుడు కాఫీ పొడి, కొండచీపుర్లు పట్టుకెళ్లేది. వంట కూడా తనే చేసేది. బొంగులో చికెన్ తినాలన్న కోరిక ఉన్నవారు రోడ్డు మీద కాల్చి అమ్మేవారి దగ్గర తింటారు. అది మీ వంటింట్లో చేసే వంట కానే కాదు.

బావగారి రిసార్టు గురించి. ఈ ఒక్క విషయంలో ఆలోచించడానికి కూడా ఏమీ లేదు. అరకు, గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగంలో పెట్టిన అయిదో షెడ్యూలు కింద ఉన్న ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ (ఊళ్లో అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అనేది దీనినే) ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరుడికి అమ్మడం, తాకట్టు పెట్టడం, లీజుకివ్వడం, దానమివ్వడం ఏదీ చెల్లదు. ఒక గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమిని మరో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. గనుల లీజుల మీద సమతా సంస్థ వేసిన కేసులో, ఆ ప్రాంతాల్లో ప్రభుత్వం సైతం ప్రైవేటు కంపెనీలకు భూమి ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది మీకు దగ్గరలోని అనంతగిరి మండలంలోనే. ప్రభుత్వానికే లేని వీలు బావగారికి ఎక్కడి నుంచి వస్తుంది? వేరొకరి పేరు మీద కొంటే డబ్బు బావగారిది, భూమి ఆ పేరుగలవారిది, ప్రమాదం ఉద్యోగంలో ఉన్న మీ వారిది. "అందరూ అలాగే చేస్తున్నారు" అని ఆయన అంటారు. కొందరు చేస్తున్నారు, నిజమే. అందులో కాగితం మీద పేరున్న గిరిజనుడు తన పొలంలో కట్టిన హోటలులోనే బల్లలు తుడుస్తున్న దృశ్యాన్ని నేను చూశాను. ఆ పాపంలో మీ ఇంటికి వాటా వద్దు.

ఆ చట్టం లేకపోయి ఉంటే ఈపాటికి ఆ లోయలో మన విశాఖవాసుల విల్లాలు, వాటి ప్రహరీగోడలే మిగిలేవి. మీ చుట్టాలు ఫొటోలు తీసుకునే వలిసె పొలాలు ఉండేవి కావు. ఆ పొలాల గట్టున కర్ర పట్టుకుని నిలబడి, లోపలికి దిగేవారిని పదో పరకో అడిగే ఆడవారిని చూసి మీ ఆడపడుచు విసుక్కునే ఉంటారు. వలిసెలు నూనెగింజలమ్మా. తొక్కిన ప్రతి మొక్కా వారికి నష్టమే. ఈసారి ఎవరైనా బేరమాడితే ఆ మాట చెప్పండి.

చివరకు, వెళ్లాలా, ఉండాలా అన్న ప్రశ్న. అబ్బాయి చదువు కోసమే అయితే అయిదో తరగతిలో కాపురాన్ని రెండు ముక్కలు చేయవలసినంత అవసరం నాకు కనబడటం లేదు. ఎనిమిదో తరగతి వచ్చేసరికి మీ వారి మూడేళ్లు ఎలాగూ పూర్తవుతాయి. ఇంగ్లీషు, లెక్కలు మీరు సాయంత్రం గంటసేపు చూసుకోగలరు. వాడికి అక్కడ స్నేహితులు ఉన్నారా, బడికి ఇష్టంగా వెళుతున్నాడా అన్నది మీ ఉత్తరంలో లేదు. ముందు వాడిని అడగండి. వాడు దిగులుగా ఉంటే నా సలహా మారుతుంది. అలాగే, మీ దిగులు నిద్రను, తిండిని కూడా తినేస్తూ ఉంటే, పొద్దున లేవడమే బరువుగా ఉంటే, అది ఊరికి సంబంధించిన విషయం కాదు. విశాఖ వచ్చినప్పుడు వైద్యుడిని కలవండి, వాయిదా వేయకండి. అందుకోసం కొన్నాళ్లు పుట్టింట్లో ఉండవలసి వచ్చినా అందులో చిన్నతనం లేదు.

ఈ రెండూ కాకపోతే, బడి నుంచి టి.సి. తీసుకునేది ఎలాగూ ఏప్రిల్‌లోనే కాబట్టి అప్పటిదాకా ఆగండి. మీరు అరకులో వానను చూశారు, రద్దీని చూశారు. యాత్రికులు వెళ్లిపోయాక, వేసవి సెలవులకు మళ్లీ రాకముందు ఉండే ఖాళీ రోజులను ఇంకా చూడలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే, తరువాత వారం పదిరోజుల్లో సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలన్నీ కొమ్మ కనబడకుండా తెల్లగా పూస్తాయి. వాసన మల్లెలా ఉంటుంది, ఊళ్లోకి కూడా వస్తుంది. మూడు నాలుగు రోజులే నిలుస్తుంది, ఎప్పుడన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి దాని కోసం టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవారు ఉండరు. నేను దానిని మొదటిసారి చూసింది ఒక మంగళవారం, పిల్లవాడిని బడిలో దింపి, పాల ప్యాకెట్లు పట్టుకుని ఇంటికి వస్తూ. ఈ వేసవిలో వాన పడితే మీరు, మీ అబ్బాయి కలిసి ఏదైనా తోట వైపు నడిచి వెళ్లి చూసి రండి, టి.సి. కోసం బడికి వెళ్లాలో లేదో ఆ తరువాత నిర్ణయించుకోవచ్చు.